ఎడమ చెవిలో ట్రంపెట్

2016 వేసవి. విజయనగరంలో కోటకు దగ్గరగా ఉన్న ఒక చిన్న వినికిడి పరీక్షా కేంద్రంలో ఆడియాలజిస్టుగా పనిచేస్తున్నాను. ఆడియాలజిస్టు చెవికి మందులిచ్చే వైద్యురాలు కాదు. ఏ చెవి ఏ ధ్వనిని ఎంతవరకు వినగలదో కొలిచి చెప్పే మనిషి.

ఒక ఉదయం ఇద్దరు పెద్దలు వాదించుకుంటూనే లోపలికి వచ్చారు. ముందున్నవారు పైడిరాజు గారు, డెబ్బై దాటిన క్లారినెట్ వాద్యకారులు. వయసులో ఉన్నప్పుడు విశాఖ హోటళ్లలో స్వింగ్, రాక్ అండ్ రోల్ లాంటి పాశ్చాత్య డాన్సు సంగీతం వాయించారు. అక్కడ డాన్సులు ఆగిపోయాక పెళ్లి బ్యాండు నడిపారు. ఇప్పుడు ఆ పాత తీరులో సొంతంగా కట్టిన బాణీలతో ఒక ఆల్బమ్ రికార్డు చేస్తున్నారు. వెనకనున్నవారు సన్యాసిరావు గారు, ఆయన బావమరిది. భోగాపురం వైపు సముద్రపు పల్లెలో పుట్టి, హోటళ్ల రోజుల నుంచీ బావ పక్కనే ట్రంపెట్ ఊదినవారు.

“అమ్మా, ఈడి సెవులు సూడండి,” అన్నారు పైడిరాజు గారు. “ట్రంపెట్ శ్రుతి పైకెల్లిపోతన్నాది. సెప్తే ఇనడు.”

“నావి కాదమ్మా, ఈయనవి సూడండి. స్టూడియోలో అందరికీ బాగున్నాది, ఈయనొక్కడికే బాగోలేదు.”

“అందరూ అంటే ఎవుల్రా సన్నాసీ? ఆ కుర్రోల్లా? ఆల్లకి శ్రుతంటే ఏటి తెలుసు?”

వివాదం చిన్నది కాదు. ట్రంపెట్ వరుసలన్నీ తీసేసి, వాటి స్థానంలో కీబోర్డు ధ్వనిని పెట్టించాలని పైడిరాజు గారు నిశ్చయించుకున్నారు. “పెట్టుకోమనండి,” అన్నారు సన్యాసిరావు గారు నా వైపు తిరిగి. “అక్కకి కూడా సెప్పేసినాను. మరి ఈయన గుమ్మం తొక్కను.”

ఇద్దరికీ ప్యూర్ టోన్ ఆడియోమెట్రీ చేశాను. నిశ్శబ్దమైన గదిలో ఒక్కో స్థాయి నాదం బిగ్గరతనాన్ని క్రమంగా తగ్గిస్తూ, ఎక్కడి వరకు వినిపిస్తుందో చూసే పరీక్ష అది. సన్యాసిరావు గారి చెవులు వయసుకు తగినట్టే ఉన్నాయి. పైడిరాజు గారి కుడి చెవి మంచిదే. ఎడమ చెవి మాత్రం మధ్య స్థాయి నుంచి పైకి బాగా బలహీనపడింది.

“ఊరేగింపుల్లో సైడ్ డ్రమ్ము ఎప్పుడూ నాకు ఎడం పక్కనే నడిసీదమ్మా,” అన్నారాయన. కారణం అదే కావచ్చు. కానీ నిరూపించే ఆధారం నా దగ్గర లేదు గనుక రిపోర్టులో రాయలేదు.

“సూసినారా? నేను సెప్పలేదేటి?” అని సన్యాసిరావు గారు లేచి నిలబడ్డారు. ఆయనను కూర్చోమన్నాను. వినికిడి తగ్గితే ధ్వని మెల్లగా వినిపించాలి. శ్రుతి తప్పినట్టు ఎందుకు వినిపించాలి? పైగా ట్రంపెట్ శ్రుతి నిజంగా తప్పలేదని కూడా ఎవరూ కొలవలేదు. ముందు సన్యాసిరావు గారి చేత, వెంట తెచ్చుకున్న ట్రంపెట్ ఊదించి, శ్రుతి కొలిచే ట్యూనర్‌తో చూశాను. బయట వరుసలో కూర్చున్న ఒక ముసలమ్మ “పెల్లెవరిదే?” అని కోడలిని అడిగింది. నేను పరీక్షించిన మధ్య స్థాయి స్వరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి.

“మిషనుకేటి తెలుసు?” అన్నారు పైడిరాజు గారు.

అప్పుడు ఒకే నాదాన్ని ఆయన కుడి చెవికి ఒకసారి, ఎడమ చెవికి ఒకసారి పంపాను. “రెండోది పైనున్నాది,” అన్నారు. ఎన్నిసార్లు మార్చి అడిగినా ఎడమ చెవిదే పైన ఉందన్నారు. దీన్ని డిప్లాక్యూసిస్ అంటాం: ఒకే స్వరం రెండు చెవులకు రెండు శ్రుతుల్లో వినిపించడం.

స్టూడియోలో ఎలా వింటున్నారని అడిగాను. హెడ్‌ఫోన్స్‌లో, అన్నారు. పాత స్టీరియో రికార్డుల తీరు రావాలని ట్రంపెట్‌ను పూర్తిగా ఎడమ వైపుకు, తన క్లారినెట్‌ను పూర్తిగా కుడి వైపుకు పెట్టించారట. ఆరుబయట రెండు చెవులూ అన్నీ వింటాయి కాబట్టి మంచి చెవి దారి చూపుతుంది. హెడ్‌ఫోన్స్‌లో ట్రంపెట్ ఒక్క చెడిన చెవికే అందుతోంది.

ఆ మాట చెప్పి ఒప్పించాలని చూడలేదు. వారి పెన్‌డ్రైవ్‌లోని పాట పెట్టి, ఆయనను కళ్లు మూసుకోమన్నాను. ఒకవేళ కళ్లు తెరిచినా బావమరిది ముఖం చూసి పసిగట్టకుండా, సన్యాసిరావు గారిని వెనక్కి పంపాను. హెడ్‌ఫోన్స్ తీసి, కొన్నిసార్లు కుడి ఎడమలు మార్చి, కొన్నిసార్లు మార్చకుండా మళ్లీ పెట్టాను. మార్చనప్పుడల్లా ట్రంపెట్టే పైకి పోయిందన్నారు. మార్చిన ప్రతిసారీ ఆయన నుదురు ముడిపడింది.

“ఇప్పుడు సన్నాసిది బాగున్నాది,” అన్నారు చివరికి. “నాదే... నాదే పైకెల్లిపోనాది.”

కళ్లు తెరిచి, హెడ్‌ఫోన్స్ తీసి, కుడి ఎడమలు మారి ఉండడం చూసుకున్నారు. “అయితే మరి నేను ఆల్బమ్ సెయ్యకూడదేటమ్మా?”

“చేయండి. శ్రుతి విషయంలో తీర్పు కుడి చెవితో చెప్పండి. ఎడమ వైపు హెడ్‌ఫోన్ తీసేసి, రెండు వాద్యాలూ కుడి వైపుకే వచ్చేలా పెట్టించుకోండి.”

“ఒక్క సెవితో ఇన్నా పర్లేదు బావా,” అన్నారు సన్యాసిరావు గారు వెనకనుంచి. “ఇన్నాల్లూ రెండు సెవులతో ఇని ఏటి మెచ్చుకున్నావు గనక?”

పైడిరాజు గారు నవ్వలేదు. కానీ వెళ్లేటప్పుడు ట్రంపెట్ పెట్టె ఆయనే పట్టుకున్నారు.

కొన్ని నెలల తర్వాత సీడీ పంపారు. ట్రంపెట్ ప్రతి పాటలోనూ ఉంది. ఒక రాక్ బాణీ చివర, ఎత్తైన దీర్ఘ స్వరం దగ్గర నాకు అనుమానం వచ్చింది. నా చెవినీ నమ్మకుండా ట్యూనర్ పెట్టాను. శ్రుతి నిజంగానే పైకి పోయింది. నేను ఆ రోజు పరీక్షించిన మధ్య స్థాయికి ఆ స్వరం చాలా పైన ఉంది.

పైడిరాజు గారికి ఫోను చేశాను.

“తెల్సమ్మా,” అన్నారు. “మొదట్నించీ అక్కడ పైకెల్లిపోతన్నాడు. కుడి సెవితోటీ ఇన్నాను. ఈ వయసులో అంత ఎత్తుకెల్లి ఊదినాడు, మరేటి సెయ్మంటారు? ఉండనియ్యమన్నాను.”

ఆ రోజు నేను తేల్చింది ఆయన ఎడమ చెవి సంగతి మాత్రమే. ఆయన ఫిర్యాదులో ఎంత భాగం చెవిదో, ఎంత భాగం ట్రంపెట్‌దో తేల్చలేదు. తేలిందని మేము ముగ్గురం అనుకుని లేచాం. ఆయన ఒక్కరే తర్వాత మళ్లీ విని చూసుకున్నారు. అప్పటినుంచి చెవిలోని లోపాన్ని చెవి వరకే రాస్తున్నాను. ఆ చెవి గల మనిషి చెప్పినదాన్ని విడిగా, మొదటినుంచి పరీక్షిస్తున్నాను.