వానకు తడిసిన శెనక్కాయలు

ఆ ఏడాది శెనక్కాయ చెట్లు పీకిన మూడో రోజున వాన పట్టుకుంది. రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయిన కాలం అది. నేను కన్నడ రాష్ట్రపు అంచున, తెలుగు మాట్లాడే చింతామణిలో కిరాణా అంగడి పెట్టుకున్నవాళ్ళ ఇంట్లో పుట్టి, బాగేపల్లి తాలూకాలో మిట్టేమరికి దగ్గరి పల్లెకు, సేద్యం చేసే ఇంటికి కోడలిగా వచ్చినదాన్ని. మా పెద్దమ్మాయికి అప్పుడు ఏడాదిన్నర. పట్టుకోబోతే చేతికి దొరక్కుండా పరిగెత్తే వయసు.

పీకిన చెట్లను చేలోనే కుప్పలు వేశాం. పైన టార్పాలిన్ కప్పినా, వారం రోజులు కురిసిన వానకు అడుగు తడి ఆరలేదు. ఎండ వచ్చాక కాయలు కోసి చూస్తే సగం బాగున్నాయి, సగం నల్లబడ్డాయి. బాగున్నవన్నీ మండీకి పోయాయి. మా ఇంట్లోనే కాదు, ఊళ్ళో ఏ ఇంట్లోనైనా అదే పద్ధతి. నల్లబడినవాటిలో ఏరగా మిగిలినవి ఇంటి వాడకానికని గోతంలో పోసి గది మూలన పెట్టాం. వలిస్తే కొన్ని గింజల మీద పచ్చగా, బూడిదరంగుగా బూజు కనిపించేది. తుడిచి వేయిస్తే పోతుందిలే అనుకునేవాళ్ళం.

మా అత్తకు మనవరాలంటే ప్రాణం. బిడ్డ బలంగా ఉండాలని ఆవిడ ఆ గింజలను దోరగా వేయించి, పొట్టు ఊది, రోట్లో దంచి, బెల్లం కలిపి డబ్బాలో పెట్టేది. పొద్దున రాగి జావలో రెండు చెంచాలు, సాయంత్రం ఉత్తదే చిన్న ఉండ. బిడ్డ ఇష్టంగా తినేది. ఇంత బాగా చూసుకునే అత్త ఎవరికి దొరుకుతుందని మా అమ్మతో చెప్పుకున్నాను కూడా.

నెలన్నర గడిచేసరికి బిడ్డ తిండి తగ్గించింది. పళ్ళు వస్తున్నాయేమో అనుకున్నాం. తర్వాత తిన్నది కక్కడం మొదలుపెట్టింది. పరుగు మానేసి గోడకు ఆనుకుని కూర్చునేది. కాళ్ళూ చేతులూ సన్నబడ్డాయి, పొట్ట మాత్రం ఉబ్బింది. ఒక పొద్దున స్నానం చేయించి ఎండలో నిలబెట్టి తల తుడుస్తుంటే, కళ్ళలో తెల్లగా ఉండాల్సిన చోట పసుపు పచ్చగా కనిపించింది.

పక్కింటి పెద్దామె వచ్చి చూసింది. "కామెర్లు ఇవి. ఆస్పత్రికి పోతే తగ్గవు. పక్కూర్లో వాత పెట్టే ఆయప్ప ఉండాడు. చెయ్యి మీద ఒక వాత పెట్టిస్తే దిగిపోతాది," అంది.

నేను బిడ్డను ఎత్తుకుని, "ఇంత బిడ్డకు వాత పెట్టనియ్యను," అన్నాను. పెళ్ళయిన మూడేళ్ళలో పెద్దవాళ్ళ మాటకు ఎదురు చెప్పడం అదే మొదలు. మా ఆయన ఎరువుల కోసం చిక్కబళ్ళాపురం పోయి ఉన్నాడు. నా తరఫున మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరు.

అత్త కాసేపు బిడ్డ మొహం చూసింది. "ఈ బిడ్డను కాలుస్తాంటే నేను చూడలేనక్కా," అని ఆ పెద్దామెతో చెప్పి, నా వైపు తిరిగి, "పామ్మా, గుడ్డలు సర్దుకో. ఆస్పత్రికే పోదాం," అంది.

బాగేపల్లిలో చూసిన డాక్టరు, ఆలస్యం చేయకుండా చింతామణిలో పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళమని చీటీ రాసిచ్చాడు. చింతామణి బస్సు కిటకిటలాడుతోంది. కిటికీ పక్కన కూర్చున్న ఒకావిడ లేచి నాకు చోటిచ్చింది. పది నిమిషాలు కాకముందే బిడ్డ ఆవిడ చీర మీదే కక్కింది. నేను సిగ్గుతో చచ్చిపోతుంటే ఆవిడ సీసాలోని నీళ్ళు కొంగు మీద పోసుకుని తుడుచుకుంది. "చీర ఉతికితే పోతాది. నువ్వు బిడ్డను చూసుకో తల్లీ," అంది. ఆవిడ ఎవరో, ఏ ఊరో అడగాలన్న ధ్యాస కూడా ఆ రోజు నాకు లేదు.

చింతామణి డాక్టరమ్మ సముద్రం వైపు జిల్లా నుంచి వచ్చిన కన్నడావిడ. మన తెలుగు అర్థమయ్యేది, జవాబు కన్నడంలో ఇచ్చేది. ఆవిడ మాటలను నాకు గుర్తున్నంతలో తెలుగులోనే రాస్తున్నాను. బిడ్డ పొట్ట నొక్కి చూసి, లివరు వాచిందని చెప్పింది. రక్తం తీయించి, గ్లూకోజు పెట్టించింది. ఆ తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని మమ్మల్ని అడగడం మొదలుపెట్టింది. ఏ నీళ్ళు తాగుతారు, కాచి తాగుతారా, ఇంట్లో ఇంకెవరికైనా కామెర్లు వచ్చాయా, నాటు మందు ఏమైనా పోశారా. చివరికి, "పొద్దున లేచినప్పటి నుంచి బిడ్డ ఏమేం తింటుందో చెప్పండి," అంది.

అత్త వరసగా చెప్పింది. రాగి జావ, అన్నం, పప్పు, శెనక్కాయల పొడి.

"ఎలాంటి శెనక్కాయలు?"

నేను తల దించుకున్నాను. మంచివే అని అత్త అంటుందనుకున్నాను. ఎవరైనా అనేది అదే కదా.

"వానకు తడిసినవి తల్లీ," అంది అత్త. "నల్లగా ఉండె. బూజు కూడా ఉండె, తుడిచి వేయిస్తిని. ఇంకో మాట ఉండాది. బొత్తిగా పనికిరాని గింజలు కోళ్ళకు ఏసినా. ఆ కోళ్ళు రెక్కలు దించుకోని, ఒకటెనక ఒకటి సచ్చిపోయినాయి. తెగులు అనుకుంటిమి. నువ్వు అడుగుతాంటే ఇప్పుడు నాకు అదే తోస్తాండాది."

డాక్టరమ్మ రాస్తున్న పెన్ను పక్కన పెట్టింది. తడిసిన శెనక్కాయల మీద పట్టే ఒక రకం బూజు విషాన్ని పుట్టిస్తుందని, తుడిచినా వేయించినా అది పూర్తిగా పోదని చెప్పింది. పెద్దవాళ్ళ ఒళ్ళు కొన్నాళ్ళు తట్టుకుంటుందట. చిన్నపిల్లల లివరు తట్టుకోలేదు. కొంచెం కొంచెంగా తిన్నా ఎదుగుదల ఆగిపోవచ్చు. "ఇదే కారణమని నేను ఇప్పుడే చెప్పలేను. నీళ్ళ వల్ల కూడా కామెర్లు వస్తాయి, పరీక్షలు చూడాలి. కానీ ఆ పొడి మళ్ళీ బిడ్డ నోటికి తగలకూడదు," అంది.

అత్త బెంచీ మీద అలాగే కూర్చుండిపోయింది. "అయితే నా చేత్తోనే బిడ్డకు ఇసం పెట్టినానా," అంది మెల్లగా.

డాక్టరమ్మ లేచి వచ్చి ఆవిడ పక్కన బెంచీ మీద కూర్చుంది. బయట ఇంకా ఎంతోమంది బిడ్డల్ని ఎత్తుకుని నిలబడి ఉన్నారు. అయినా తొందరపడలేదు. "మీరు బలం పెట్టాలనుకున్నారమ్మా. తెలియక జరిగింది. కోళ్ళ సంగతి మీరు దాచి ఉంటే, నీళ్ళ కామెర్లని మందులిచ్చి నేను పంపించేసేదాన్నేమో. మీరు ఇంటికి పోయి మళ్ళీ అదే పెట్టేవాళ్ళు. సగం వైద్యం మీరే చేశారు," అంది.

ఆ బూజు నేనూ చూశాను. పియుసి, అంటే ఇంటరు దాకా చదువుకున్నదాన్ని. ఒక్క రోజు కూడా ఇది బిడ్డకు మంచిదేనా అని అడగలేదు. డాక్టరమ్మ తప్పెవరిదని వెతకలేదు కాబట్టి, నాకూ అత్తకూ మధ్య ఆ రోజు పెరగాల్సిన గోడ పెరగలేదు. ఆ విషయం నాకు చాలా ఏళ్ళ తర్వాత గానీ తెలియలేదు.

తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉన్నాం. మా ఆయన ఊరి నుంచి డబ్బా, గుప్పెడు కాయలు తెచ్చాడు. డాక్టరమ్మ ఒక కాయ వలిచి కిటికీ వెలుతురులో చూసి, తల పంకించింది. నీళ్ళతో వచ్చే కామెర్లు కాదని పరీక్షల్లో తేలింది. శెనక్కాయల వల్లే అయి ఉంటుందని అప్పుడు చెప్పింది, ఉంటుందని మాత్రమే. మా అమ్మ రోజూ మెత్తటి అన్నం వండి తెచ్చేది. బిడ్డ మూతి తిప్పుకునేది.

ఆరో రోజు మధ్యాహ్నం బిడ్డ తనంతట తానే లేచి కూర్చుని, "బువ్వ," అంది. నేను గబగబా గిన్నెలో అన్నం, చారు కలిపి అలవాటుగా అత్త చేతికివ్వబోయాను. ఆవిడ చేతులు వెనక్కి తీసుకుంది.

"నువ్వు పెట్టమ్మా. నాకు చెయ్యి రాదు."

ఆరు రోజులుగా ఆవిడ బిడ్డకు మంచినీళ్ళు కూడా తాగించలేదని నాకు అప్పుడు అర్థమైంది. మంచం పక్కన కూర్చునేది, గుడ్డలు ఉతికేది, మందుల అంగడికి పోయేది. తినిపించే పని మాత్రం తప్పించుకుంటూ వచ్చింది.

"నువ్వే పెట్టత్తా," అన్నాను. "నీ చేత్తో అయితేనే తింటాది."

గిన్నె ఆవిడ ఒళ్ళో పెట్టాను. ఆవిడ చాలాసేపు మెతుకులు మెదుపుతూ కూర్చుంది. బిడ్డకు ఓపిక లేక నోరు తెరిచి ముందుకు వంగింది. అత్త మొదటి ముద్ద పెట్టింది, తర్వాత రెండోది. నాలుగు ముద్దలు తిని బిడ్డ నిద్రపోయింది. అత్త ఎంగిలి గిన్నె పట్టుకుని కొళాయి దగ్గరికి పోయి, చాలాసేపటికి గానీ తిరిగి రాలేదు.

ఊరికి వచ్చాక ఆ గోతం ఏం చేయాలన్న మాట వచ్చింది. మామ పారేయలేక, పశువులకు వేద్దామన్నాడు.

"ఆ పశువుల పాలు తాగేది మళ్ళా మన బిడ్డే కదప్పా. పాలలోకి కూడా వస్తాదని డాక్టరమ్మ చెప్పింది," అంది అత్త. మా ఆయన చేను గట్టున గుంత తవ్వి, గోతం గోతమే పూడ్చేశాడు.

ఆ నెలలో అంగనవాడిలో తల్లుల మీటింగు జరిగింది. నలుగురిలో నోరు తెరవని మా అత్త లేచి నిలబడి, జరిగిందంతా చెప్పింది. "నేనే పెట్టినా. బలం అనుకోని పెట్టినా. మీ ఇండ్లలో కూడా ఆ వానకు తడిసినవే ఉండాయి. పసిబిడ్డలకు పెట్టద్దండమ్మా," అంది. ఇంటి గుట్టు అందరి ముందూ ఎందుకు చెప్పుకోవడమని తర్వాత ఎవరో అన్నారు. ఆవిడ పట్టించుకోలేదు. ఆ వారంలోనే ముగ్గురు నలుగురు ఆడవాళ్ళు తమ డబ్బాలు తెచ్చి, ఇవి బాగుండాయా చూడమని అత్తను అడిగారు. మరుసటి పంటకు మా ఇంట్లో వరస మారింది. బాగా ఎండినవి ముందు ఇంటికి తీసి, నేల తేమ తగలకుండా చెక్కల మీద పెట్టాకే మిగిలినవి మండీకి పోయాయి.

ఆరు నెలల తర్వాత చూపించడానికి మళ్ళీ చింతామణి పోయాం. డాక్టరమ్మ బిడ్డను తూచి, కళ్ళు చూసి, పొట్ట నొక్కి, "ఇక నా దగ్గరికి రానవసరం లేదు," అని నవ్వింది. బిడ్డ అప్పటికే బల్ల దిగి గుమ్మం వైపు పరిగెత్తింది. నేను థాంక్స్ అన్నాను, ఆ మాట చాలలేదనిపించింది.

అత్తకు ఆ మాట రాదు. ఆవిడ డాక్టరమ్మను, "మీ అమ్మ యాడ ఉండాది తల్లీ?" అని అడిగింది.

"మా ఊళ్ళోనే, చాలా దూరం. చూసి ఏడాది దాటింది."

అత్త దగ్గరికి పోయి రెండు చేతులతో ఆవిడ బుగ్గలు నిమిరి, తన కణతలకు ఆనించి మెటికలు విరిచింది. "మీ అమ్మ చల్లగుండాల. ఒకసారి పోయి కనిపించి రా," అంది. డాక్టరమ్మ వంగి, మా అత్త పాదాలు తాకింది.