ఆముదం పోసిన తాళం

మిల్లు వడ్లగది ముందు ముగ్గురం ఉన్నాం: నేను, మిల్లు గుమాస్తా, వేములపల్లి నుంచి ఎద్దుల బండి కట్టించుకొని వచ్చిన ఒక రైతు స్త్రీ. ఉన్న వస్తువులు: తలుపుకు వేసిన ఇనుప తాళం, దాని తాళంచెవి, నా నూనె డబ్బా, ఒక సన్నని తీగ, గుమాస్తా చెవి మీద పెన్సిలు.

పోలీసు చర్య జరిగిన మరుసటి యేడు, యాసంగి మొదలు. హైదరాబాదులో యంత్రాల పని నేర్చుకొని సూర్యాపేటకు తిరిగివచ్చి, చుట్టుపక్కల మిల్లుల ఇంజన్లు బాగుచేస్తుండేవాణ్ణి. ఆ ఉదయం మిర్యాలగూడ మిల్లులో పని ముగించి బయటికి రాగానే గుమాస్తా నన్ను తాళం దగ్గరికి పిలిచాడు.

వానలకు ఇల్లు కూలడంతో ఆమె విత్తనపు వడ్లను ఆ గదిలో దాచుకుంది. తాళంచెవి సగం తిరిగి ఆగిపోతున్నది.

"ఎల్లుండి నా నారుమడికి నీళ్ల వంతు. ఇయ్యాల దీపాలు పెట్టేలోపల నానేస్తెనే అప్పటికి మొలకొస్తది. వంతు దాటితె చెరువు తూము జూసె నీరటి నాకు మళ్ల నీళ్లిడువడు" అన్నది.

తాళం పగలగొట్టడానికి గుమాస్తా ఒప్పుకోలేదు. మిల్లు షావుకారు హైదరాబాదులో ఉన్నాడు.

నేను మొదట ఇంజన్ నూనె నాలుగు చుక్కలు వేశాను. అది పొరపాటు. సగం తిరిగే తాళంచెవి ఇప్పుడు పావు దగ్గరే ఆగింది. తీసి చూస్తే దాని పళ్లకు గోధుమరంగు బంక.

"ఇందులో ఇంతకుముందు ఏం పోశారు?"

"ఆముదమండి. దసరాకి పూజ చేసి నా చేత్తోనే పోశా. ఏమీ తక్కువ చెయ్యలేదు" అన్నాడు గుమాస్తా. ఆయనది కోదాడ.

తాళం మీద కుంకుమ బొట్టు ఇంకా ఉంది. ఆముదం చిక్కన. మిల్లు గాలినిండా తవుడు పొడి. ఆరు వారాల్లో రెండూ కలిసి జిగురయ్యాయి. దానిమీద ఏ నూనె వేసినా జిగురు పెరగడమే. ముందు కడగాలి, ఆ తర్వాత తడిలేకుండా జారేది ఏదైనా వేయాలి. కడగడానికి కిరసనాయిలు అడిగాను.

"పూజ చేసిన తాళానికి కిరసనాయిలా? షావుకారు నన్నే అడుగుతారండి."

"పూజ మళ్లొచ్చె దసరకు జేస్కోరాదయ్యా. నా నారుమడి గప్పటిదాంక ఆగుతదా?" అన్నది ఆమె.

గుమాస్తా వెళ్లి లాంతరు తెచ్చి, అందులోని కిరసనాయిలు వంచి ఇచ్చాడు. తాళంలో పోసి, తీగతో కదిపి, తలకిందులు చేసి వార్చాను. నాలుగోసారికి తేటగా వచ్చింది. అరగంట ఆరనిచ్చి, గుమాస్తా పెన్సిలు ములికిని కత్తితో గీకడం మొదలుపెట్టాను.

"పెన్సిలుతో తాళం తీస్తారేంటండి? ఓ అర్జీ రాసి పెట్టండి, అదే తెరుచుకుంటుంది" అన్నాడాయన.

"నవ్వుడు తర్వాత. జర చెయ్యి అడ్డం పెట్టు, పొడి గాలికి ఎగిరిపోతది" అన్నది ఆమె.

ఆ పొడిని తాళంచెవికి పట్టించి ఆరేడుసార్లు లోపలికీ బయటికీ ఆడించాను. పూర్తిగా తిరిగింది.

గుమాస్తా ఉత్సాహపడి, మిల్లులో ఇంజన్ డైనమోతో వెలిగే దీపానికి బిగుసుకుపోయిన స్విచ్చిలో కూడా అదే పొడి వేయమన్నాడు. పెన్సిలు పొడిలో కరెంటు పారుతుందనీ, స్విచ్చి జోలికి పోవద్దనీ చెప్పాను.

ఆమె పిడికెడు వడ్లు తీసి వాసన చూసింది, ఒక గింజ కొరికింది, బస్తాలు ఎక్కించుకుంది. బండి కదిలేసరికి పన్నెండున్నర. వేములపల్లికి ఎద్దుల బండి మీద నాలుగు గంటలు; దీపాలు పెట్టేలోపలే చేరుతుంది.