వసుంధర మేడం తీసిన తలుపు

నాకు పరిశోధన నేర్పిన వసుంధర మేడం ఇక లేరని మంగళవారం ఉదయం ఫోన్ వచ్చింది. నేపర్‌విల్ స్టేషన్‌లో ఉన్నాను. ఎక్కవలసిన రైలు వచ్చి వెళ్లిపోయింది. నేను ప్లాట్‌ఫామ్ మీదే ఉండిపోయాను. ఆవిడతో నాకొక తగవు మిగిలి ఉంది. అది తేలకుండా ఆవిడ వెళ్లిపోతారని ఎన్నడూ అనుకోలేదు.

మొక్కజొన్న కంకులను తొలిచే పురుగు తన సంతతిని ఎలా పెంచుకుంటుందన్నదే ఆవిడ జీవితకాల అధ్యయనం. ఆ పురుగు పెరిగి రెక్కలొచ్చాక, చీకటి పడగానే ఆడదాని మెదడు నుంచి ఒక హార్మోను విడుదలవుతుంది. దాని ఆజ్ఞతో పొట్ట చివర ఒక వాసన తయారవుతుంది. ఆడది పొట్ట కొన చాచి దాన్ని గాలికి వదిలితే, మగది వెతుక్కుంటూ వస్తుంది. జత కట్టాక ఆ వాసన ఆగిపోతుంది. “ఈ పిలుపును ఆపగలిగితే రైతు మందు డబ్బా ముట్టుకోనక్కర్లేదు” అనేవారు మేడం.

మా యూనివర్సిటీ ల్యాబ్‌లో పురుగులకు మధ్యాహ్నమే రాత్రి. దీపాల వేళలు తిరగేసి, ఎర్రటి మసక వెలుగులో పని చేసేవాళ్లం. మేడం గుమ్మం దగ్గర నిలబడి, ఒక్కొక్కరినీ వాసన చూసి లోపలికి పంపేవారు. కొబ్బరినూనె రాసుకొచ్చిన అమ్మాయిని తలస్నానానికి వెనక్కి పంపారు.

నా సంగతికొస్తాను. ఒకరోజు నా మగపురుగులు ఆడవాటి వైపు పోకుండా అటూ ఇటూ తిరిగాయి. అందరి ముందూ మేడం అడిగారు: “సెంటు కొట్టుకొచ్చావా బాబూ? పెళ్లిచూపులు నీకా, వాటికా?”

ల్యాబంతా నవ్వింది. ముందురోజు పార్టీకి కొట్టుకున్న మాట నిజమే. పొద్దున స్నానం చేశాను కదా! అసలు కారణం వేరు. అంతకు కాసేపటి ముందే మేడం తలుపు తీసి, “పులిహోర తెచ్చాను, వచ్చి తిను” అన్నారు. కారిడార్ వెలుగు లోపల పడింది. వెలుగు పడితే ఆడపురుగులు పొట్ట ముడుచుకుని వాసన ఆపేస్తాయి. మాకది నేర్పిందే ఆవిడ.

ఆవిడ రిటైరయ్యాక కూడా ప్రతి దీపావళికీ వాళ్లింట్లో ఆ మాట ఎత్తేవాణ్ణి. “మేడం, తలుపు తీసింది మీరు.”

“సెంటు, బాబూ, సెంటు” అంటూ నా ప్లేట్‌లో ఇంకో గారె వేసేవారు.

పోయిన నెల హాస్పిటల్‌లోనూ అడిగాను. నీరసంగా నవ్వారు. “నువ్వింకా అక్కడే ఉన్నావా? సరే, తలుపు నేనే తీశాను. నువ్వు పొద్దున్నుంచీ ఏమీ తినలేదని తీశాను. అయినా సెంటు సెంటే.”

సగమే ఒప్పుకున్నారు. మిగతా సగం మళ్లీ వచ్చినప్పుడు అడుగుదామనుకున్నాను.

అంత్యక్రియలకు అందరూ పూలు, అగరొత్తులు తెచ్చారు. నేను సబ్బు కూడా ముట్టకుండా వట్టి నీళ్లతో స్నానం చేసి వెళ్లాను. అలవాటు కొద్దీ గుమ్మం దగ్గర ఆగాను. వాసన చూసి లోపలికి పంపేవారు లేరు.