తలుపు తెరిచినా ఆగని మెషిన్

నాచారంలో మా ఫ్యాక్టరీ ప్లాస్టిక్ మూతలు చేస్తుంది. నేను అక్కడ క్వాలిటీ చూసేవాణ్ని. మూతలు పోసే పెద్ద మెషిన్‌కు ఒక తలుపు ఉంటుంది. ఇరుక్కున్న మూతను తీయడానికి ఆపరేటర్ ఆ తలుపు తెరిచి లోపలికి చేయి పెడుతుంది. తలుపు తెరవగానే, లోపల మూసుకుంటూ తెరుచుకుంటూ మూతలు చేసే ఇనుప అచ్చు ఆగిపోవాలి. అందుకే అక్కడ ఒక స్విచ్ ఉంటుంది.

మా మెయింటెనెన్స్ టెక్నీషియన్ వేరే ఫ్యాక్టరీకి వెళ్లిపోయాక అతని చోటికి సరైన మనిషి దొరకలేదు. టెక్నీషియన్ కావాలని గేటుకు కట్టిన బోర్డు ఎండకు వెలిసిపోయింది. సర్టిఫికెట్లతో వచ్చినవాళ్లు ప్యానెల్ తెరిచి చూపించగానే వెనకడుగు వేశారు. చివరికి మేనేజర్ బోడుప్పల్ అపార్ట్‌మెంట్లలో ఫ్యాన్లు బిగించే ఎలక్ట్రీషియన్‌ను పట్టుకొచ్చాడు. మాటిమాటికీ ఆగిపోతున్న మెషిన్‌ను అతను కాసేపట్లోనే నడిపించాడు. అందరూ మెచ్చుకున్నారు.

తలుపు తెరిచి ఉండగానే అచ్చు కదలడం నేను కళ్లారా చూశాను.

నేను చదివింది పదో తరగతే. ఉప్పల్ లైబ్రరీలో కరెంటు పుస్తకాలు ఒక్కటీ వదల్లేదు. సర్క్యూట్ బొమ్మ చదవగలను. ఆ గర్వం నాకుంది. ప్యానెల్ తెరిచి చూస్తే, తలుపు తెరిచారని స్విచ్ చెప్పగానే మెషిన్‌ను ఆపే కంట్రోల్ కార్డును దాటేస్తూ కలిపిన ఒక వైరు ముక్క కనిపించింది. ఇక తలుపు తెరిచినా మూసినా మెషిన్‌కు ఒకటే. వైరు పీకేశాను. మెషిన్ ఆగింది.

"బైపాసే గద అన్నా, జర నడవనీ," అన్నాడు ఎలక్ట్రీషియన్.

"అచ్చు మూసుకుంటే ఆపరేటర్ చెయ్యి ఉంటదా?"

మేనేజర్ నవ్వాడు. "లైబ్రరీల మస్తు చదివినవంట గద. గట్లయితే నువ్వే బాగుచెయ్."

స్విచ్ మంచిదే. లోపం ఆ కంట్రోల్ కార్డులో ఉందని, తలుపు మూసి ఉన్నా అది మెషిన్‌ను ఆపేస్తోందని మాత్రం పట్టుకోగలిగాను. దాన్ని బాగుచేయడం నా పుస్తకాల్లో లేదు.

ఆపరేటర్ నన్ను పక్కకు పిలిచింది. "నా చెయ్యి నేను సూస్కుంట అన్నా. మెషిన్ ఆగితే రేపట్నుంచి రావద్దంటరు. నీకేంది?"

మర్నాడు వైరు మళ్లీ అక్కడే ఉంది, ఈసారి నీటుగా టేపు చుట్టి. నన్ను ప్యాకింగ్‌కు మార్చారు. మనిషి దొరకడం లేదని అందరూ అంటారు. దొరికేదాకా ఆపుదామని ఒక్కరూ అనరు. మనిషి దొరకడం లేదన్న మాట వింటేనే రోత పుడుతుంది. గోడ అవతల అచ్చు దబ్బున మూసుకుంటుంది. అది మళ్లీ తెరుచుకున్న చప్పుడు వినేదాకా, చేతిలో అట్టపెట్టె పట్టుకుని అట్లాగే నిలబడతాను.