సింహాచలం గారు కడిగిన కుందేళ్ళు

కరోనా తగ్గాక వచ్చిన రెండో చలికాలంలో నేను దుర్గ్ పశువైద్యశాలలో వెటర్నరీ సర్జన్‌గా ఉన్నాను. పదవీ విరమణకు ముందు నా చివరి పోస్టింగు అదే. భిలాయి టౌన్‌షిప్‌లో తెలుగువాళ్ళ ఇళ్ళ నుంచి ఏ కేసు వచ్చినా నేరుగా నా దగ్గరికే వచ్చేది. మా నాన్న అక్కడి ఉక్కు ప్లాంటులో పనిచేశాడు, నేను సెక్టర్ 6లో పెరిగాను, అందుకని వాళ్ళకు నాతో మాట కలిసేది. వచ్చేవి ఎక్కువగా కుక్కలు, ఆవులు. కుందేళ్ళు అరుదు. ఆ అరుదుతనం అలాగే ఉంటే బాగుండునని లోలోపల కోరుకునేదాన్ని.

ఆవుకు జబ్బు చేస్తే మేత మానేస్తుంది, నెమరు వేయదు, పాలు తగ్గిస్తుంది. మనకు కొంత వ్యవధి ఇస్తుంది. కుందేలు అలా కాదు. బలహీనంగా కనబడితే ఎవరో ఒకరు తినేస్తారన్న భయం దాని జాతి రక్తంలోనే ఉంది కాబట్టి, ఒంట్లో బాగోలేదని చివరిదాకా బయటపడనివ్వదు. పట్టుకోవడంలో తేడా వస్తే గట్టిగా తన్నుకుని తన వెన్ను తానే విరగ్గొట్టుకుంటుంది. అన్నేళ్ళ సర్వీసు తర్వాత కూడా, కుందేలును బల్ల మీద పెట్టారంటే నా అరచేతులకు చెమట పట్టేది.

సింహాచలం గారు రోలింగ్ మిల్లులో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. శ్రీకాకుళం వైపువారు, సెక్టర్ 7లో ఉండేవారు. పెరట్లో షెడ్డు వేసి కుందేళ్ళు పెంచేది మాత్రం ఆయన భార్య పైడమ్మ గారు. ఆ చలికాలానికి ముందు వర్షాకాలంలో వాళ్ళ షెడ్డులోకి రొంప జబ్బు జొరబడింది. మా వైద్యభాషలో స్నఫిల్స్ అంటాం. తుమ్ములు, ముక్కు నుంచి చిక్కటి చీమిడి. మందుకు లొంగినట్టే కనిపిస్తుంది గానీ, తగ్గిందనుకున్న కుందేలే దాన్ని మోస్తూ పక్కవాటికి అంటిస్తుంది. షెడ్డులో సగం పోయాయి. అన్నింటినీ పైడమ్మ గారే గొయ్యి తీసి పూడ్చారు.

ఆవిడ దగ్గర రాణి అనే తల్లి కుందేలు ఉండేది. ఏ ఈతలోనూ ఒక్క పిల్లను కూడా పోగొట్టుకోలేదు. పిల్లల్ని పాలు మాన్పించాక దానికీ ముక్కు కారడం మొదలై, చివరికి అదీ పోయింది. దాని ఆడపిల్లలు మూడింటిని ముందు వరండాలో విడిగా ఒక బోనులో పెంచారు. ఒకటి తెల్లది, ఒకటి బూడిదరంగుది, ఒకటి చెవి మీద మచ్చ ఉన్నది. అవి ఎదకు వచ్చే వయసుకు చేరాక, వాటిలో ఒకదాన్ని సంతానం కోసం షెడ్డులోకి తీసుకోవాలని, ఏది తీసుకోవాలో నన్ను చెప్పమని అడిగారు.

"రాణి కడుపున పుట్టినదొకటి షెడ్డులోకి రావాలమ్మా. దాని ఎనకాలే ఆ జబ్బు కూడా వొచ్చేస్తే ఏటి సెయ్యాల? మళ్ళీ గొయ్యి తవ్వడం నా వల్ల కాదు," అన్నారు పైడమ్మ గారు. మిగిలిన ఆ కొద్ది కుందేళ్ళు కూడా పోతే ఆవిడ షెడ్డు పీకించేస్తారని నాకు అర్థమైంది. ఆ భయం సగం నాకూ అంటుకుంది.

ఈ ఎంపికకు ఒక పద్ధతి ఉంది. తల్లి చరిత్ర చూస్తాం. పళ్ళు మీదవీ కిందవీ సరిగ్గా కలుస్తున్నాయా, ఎనిమిది చన్నులూ తెరుచుకుని ఉన్నాయా, పాదాల కింద బొచ్చు దట్టంగా ఉందా, బరువు ఎంత అని చూస్తాం. రొంప అనుమానం ఉన్న చోట వీటన్నిటికంటే ముందు చూడాల్సింది ముంగాళ్ళ లోపలి వైపు. ముక్కు కారే కుందేలు, చిన్నపిల్లలు చొక్కా చేతికి తుడుచుకున్నట్టు, ముక్కును ముంగాళ్ళకు రాసుకుంటుంది. అక్కడి బొచ్చు అట్టకట్టుకుపోతుంది. ముక్కు శుభ్రంగా ఉన్నా కాళ్ళు నిజం చెబుతాయి. ఆదివారం ఉదయం వచ్చి చూసి చెబుతానన్నాను.

వెళ్ళేసరికి గేటు దగ్గరే అనుమానం వచ్చింది. పెద్ద ఆఫీసరు రౌండుకు వస్తున్నాడంటే ప్లాంటులో ముందురోజే నేలంతా కడిగి, అంచులకు సున్నం, ఎర్రమట్టి గేరు కొట్టడం రివాజు. సింహాచలం గారి వరండా అంచున తెలుపూ ఎరుపూ చారలు తడి ఆరకుండా మెరుస్తున్నాయి. బోనుకు కొత్త రంగు పడింది. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎదురొచ్చారు. బోను దగ్గరికి వంగగానే షాంపూ వాసన గుప్పుమంది.

"ఏకదమ్ సాఫ్ సూడండమ్మా! మీరొస్తారని పొద్దున్నే మూడింటికీ తానం సేయించేసేను," అన్నారు గర్వంగా.

కుందేలు బొచ్చు పైకి ఆరినట్టు కనిపించినా లోపల తడి వదలదు. ఆ చలికీ, నీళ్ళలో ముంచిన బెదురుకీ నిలబడ్డ చోటే ప్రాణం పోవచ్చు. మచ్చ చెవిది ఒక మూల ముడుచుకుని ఉంది. ఎత్తి చూస్తే చెవులు మంచులా ఉన్నాయి. అసలు తన్నుకోలేదు. తన్నుకోని కుందేలంటే నాకు ఇంకా భయం.

బజారు నుంచి అప్పుడే వచ్చిన పైడమ్మ గారు కూరల సంచీతో గుమ్మంలోనే కూలబడ్డారు. "సంపేసేవా వాటిని?" అని భర్తను అడిగారు.

పాత తువ్వాళ్ళు తెప్పించాను. సీసాల్లో వేడినీళ్ళు పోసి గుడ్డ చుట్టించాను. హెయిర్ డ్రయ్యరు తెస్తానన్నారు సింహాచలం గారు, వద్దన్నాను. ఆ చప్పుడుకే గుండె ఆగొచ్చు. ఒక్కొక్కరం ఒక్కోదాన్ని ఒళ్ళో పెట్టుకుని, ముగ్గురం ముందుగదిలో కూర్చున్నాం. మచ్చ చెవిది నా ఒళ్ళో ఉంది. చాలాసేపు కదల్లేదు. అది పోతే పైడమ్మ గారి ముఖం ఎలా చూడాలా అని ఆలోచిస్తూ ఉన్నాను. చివరికి ముక్కు ఆడించి, నా చీర మీద నాలుగు పెంటికలు రాల్చింది. ఉద్యోగంలో నాకు దక్కిన బహుమానాల్లో వాటికే పెద్దపీట.

మూడూ తేరుకున్నాయి. అసలు చిక్కు అప్పుడు మొదలైంది. ముంగాళ్ళు చూశాను. మూడింటికీ దూదిలా మెత్తగా ఉన్నాయి. నేను వెతకవలసిన గుర్తు ఉన్నా లేకపోయినా నీళ్ళలో కొట్టుకుపోయింది. మిగతా అన్ని లెక్కల్లోనూ తెల్లదే మేలు. దాన్నే ఖాయం చేయమన్నారు సింహాచలం గారు. పైడమ్మ గారికీ దాని మీదే మనసు. నేను ఊఁ అంటే ఆ సాయంత్రానికే అది షెడ్డులో ఉండేది.

అనలేకపోయాను. ఆ గుర్తు మళ్ళీ తేలుతుందేమో చూడటానికి మూడింటినీ మూడు బోనుల్లో దూరదూరంగా పెట్టమన్నాను. గిన్నెలు వేరు, ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి, కింద ట్రే మార్చడమే తప్ప శుభ్రం పేరుతో కుందేలుకు తడిగుడ్డ కూడా తగలకూడదు. కాపలా బాధ్యత పైడమ్మ గారు తీసుకున్నారు. "గుడ్డ పట్టుకుని ఇటేపు వొచ్చేవంటే ఊరుకోను," అని భర్తకు నా ఎదుటే చెప్పారు.

ఆ రోజుల్లో ఫోనులో ఆవిడ పేరు కనబడితే ఎత్తడానికి చెయ్యి వచ్చేది కాదు. మేత తిన్నాయనో, మచ్చ చెవిది హుషారుగా ఉందనో చెప్పేవారు. ఒక మధ్యాహ్నం మాత్రం గొంతు మారింది. "తెల్లది తుమ్మతన్నాదమ్మా. ముంగాళ్ళు సూడాలంటే భయమేస్తన్నాది. మీరే రండి."

వెళ్ళాను. తెల్లదాని కుడి ముంగాలి లోపల బొచ్చు పసుపుపచ్చగా అట్టకట్టి ఉంది. మిగతా రెండింటి కాళ్ళు పొడిగా ఉన్నాయి. సింహాచలం గారు వంగి ఆ కాలు చూశారు.

"మొన్న కడిగినప్పుడు కూడా దీని కాళ్ళే ఇలాగుండేయమ్మా," అన్నారు. "మురికనుకున్నాను. దీన్నే అందరూ సూస్తారని రెండోసారి షాంపూ ఎట్టి రుద్దేను."

జబ్బుతో ఉన్నదే అన్నింటిలోకీ శుభ్రంగా తయారై నా ముందుకు వచ్చిందన్నమాట. పైడమ్మ గారు గోడకు ఆనుకున్నారు.

తెల్లదాన్ని ఉంచుకోవద్దన్నాను. మర్నాడు సింహాచలం గారే బుట్టలో పెట్టుకుని ఆసుపత్రికి తెచ్చారు. నొప్పి లేకుండా ప్రాణం పోయే సూది వేశాను. "ఈపాలి తుడవనేదమ్మా, ఎలాగున్నాదో అలాగే తెచ్చేను," అన్నారు.

బూడిదరంగుదానికి ఒక చన్ను మూసుకుని ఉంది, అందుకని మచ్చ చెవిదాన్ని ఎంచాను. వేసవి దాకా విడిగా ఉంచి, ఒక్క తుమ్మూ లేదని తేలాకే షెడ్డులోకి పంపాను. అది ఈనినప్పుడు పైడమ్మ గారు పిల్లలెన్నో చెప్పలేదు, ఏదీ తుమ్మడం లేదని చెప్పారు. నేను రిటైరయ్యేనాటికి ఆ షెడ్డు నడుస్తూనే ఉంది. ఆ కుందేలు ఒంట్లో క్రిమి లేదని మాత్రం ఈ రోజుకీ నేను చెప్పలేను.

ఈ కేసు తర్వాత నా పద్ధతి కొంత మారింది. దేన్ని ఉంచుకోవాలని ఎవరు అడిగినా, చూపించే ముందు దానికి ఏమేం చేశారో అడిగి తెలుసుకున్నాకే పరీక్ష మొదలుపెట్టేదాన్ని. ఏ కుందేలు గురించీ ఆరోగ్యంగా ఉందని చెప్పడం మానేశాను. ఈ రోజుకు లక్షణాలు కనబడలేదని మాత్రమే అనేదాన్ని. పెంచేవాళ్ళకు ఆ మాట నచ్చేది కాదు. అంతకు మించి నాకు తెలిసేదీ ఏమీ ఉండేది కాదు.