ఒక నెల కలుపుకునే లెక్క

చిత్తూరు దగ్గర మా అత్తగారి ఊళ్లో, కడుపుతో ఉన్న కోడలికి ఎన్నో నెల అని ఎవరడిగినా అత్తలు ఒక నెల తగ్గించి చెప్పేవాళ్లు. దిష్టి తగలకూడదని. ఈ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు కాబట్టి, అడిగినవాళ్లు మనసులో ఒక నెల కలుపుకునేవాళ్లు. దిష్టికి మాత్రం లెక్కలు రావు కాబోలు!

మా మంత్రసాని అవ్వ కూడా అలాగే కలుపుకునేది. కడుపు మీద అరచెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, "ఇది నెలలు నిండా నిలుస్తాది", "ఇది తొందర పడతాది" అని ముందే చెప్పేది. చాలావరకు అలాగే జరిగేది.

నాకు అమ్మ లేదు. అందుకని కాన్పులు అత్తగారింట్లోనే. మొదటి బిడ్డ ఎనిమిదో నెలలోనే పుట్టి ఒక్క పూట బతికాడు. నెల దాచి అబద్ధమాడినందుకే దేవుడు అలా చేశాడని మా అత్తకు పట్టుకుంది. యుద్ధం రోజుల్లో నేను మళ్లీ నీళ్లోసుకున్నాను. ఈసారి నిజమే చెబుతానని ఆవిడ మొక్కుకుంది. ఆ మొక్కు సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

వినాయక చవితి మరునాడు పొద్దున్నే నా కడుపు బిగుసుకోవడం, వదలడం మొదలైంది. అవ్వను పిలిపించారు.

"ఎన్నో నెలమ్మా?" అని అవ్వ మా అత్తను అడిగింది.

"ఎనిమిది," అంది అత్త.

అవ్వ కడుపు మీద చెయ్యి పెట్టి చాలాసేపు ఉంచింది. "బిడ్డ సన్నంగా ఉండాడు. అయినా భయం లేదు, తొమ్మిది పడినాయి గదా. లెయ్ అమ్మీ, కాసిన్ని వడ్లు దంచు. నొప్పులు బాగా రానీ," అంది.

రోకలి అందుకున్నాను. పెద్దవాళ్లకు ఎదురు చెప్పడం ఎరగని దాన్ని. కానీ తొమ్మిది ఎక్కడివి? మాఘంలో మా తోటలో చెరకు ఆడించి మొదటి పెనం బెల్లం దించిన రోజు నేను బయట ఉన్నాను. ముట్టుతో ఉన్న ఆడది బెల్లం పొయ్యి దాపులకు పోకూడదు. వేడి బెల్లమంటే నాకు పిచ్చి. ఆ రోజు మీద కోపం ఇంకా పోలేదు. మళ్లీ బయట ఉన్నది లేదు. అప్పటినుంచి వేళ్ల మీద లెక్క పెట్టుకుంటే నిండినవి ఏడే, నడుస్తున్నది ఎనిమిదో నెల.

"అవ్వా, అత్త నిజమే చెప్పినాది. మొదటి పెనం దించిన దినం నేను బయటుంటిని. ఇది ఎనిమిదే," అన్నాను.

అవ్వ అత్త వైపు తిరిగింది. "ఏమ్మా, తగ్గించి చెప్పలేదా నువ్వు?"

"ఈ తూరి నిజం చెప్తానని మొక్కుకుంటిని," అని అత్త ఏడుపు మొహం పెట్టింది.

"నీ నిజం పాడుగాను! ఆ మాట నాకు ముందే చెప్తే నీ సొమ్మేం పోతాది?" అని అవ్వ నా చేతిలోని రోకలి లాక్కుంది.

నన్ను ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, మంచాన్ని కాళ్ల వైపు ఇటుకలు పెట్టి ఎత్తించింది. చిత్తూరు ఆస్పత్రికి పోదామని మా ఆయన ఎడ్లు కట్టబోతే, బండి కుదుపులకే కాన్పయిపోతుందని ఆపింది. సాయంత్రానికి కడుపు మెత్తబడింది. ఆ తర్వాత దీపావళి దాకా నన్ను మంచం దిగనివ్వలేదు. అన్నం కలిపి పెట్టడం, తల దువ్వడం, అన్నీ మా అత్తే చేసింది. ఆవిడ మీద నాకు కోపం నిలవలేదు.

దీపావళి దాటిన వారానికి కొడుకు పుట్టాడు. వీధి చివరిదాకా వినబడేట్టు ఏడ్చాడు.

అప్పటినుంచి అవ్వ ఏ ఇంటికి పోయినా ముందు అత్తను వంటింట్లోకి పంపేసేది. "నువ్వు చెప్పు అమ్మీ. కడుపు బిగుస్తా ఉండాదా? ఎన్నాళ్ల నుంచి?" అని కోడలినే అడిగేది.

ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా నాకు మొదటి బిడ్డ గుర్తొచ్చేవాడు. అప్పుడు కూడా వారం ముందు నుంచే కడుపు బిగుసుకునేది. పని ఎగ్గొట్టడానికి చెబుతున్నానంటారేమోనని దంచుతూనే ఉన్నాను. నన్నెవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.