చావు కార్డు మీద బెస్ట్ కాంప్లిమెంట్స్

ఆ రోజుల్లో నేను ఇంగ్లీషు పొగరుతో ఒక చావు కార్డును పెళ్లికార్డులా కొట్టి పెట్టానని మా చుట్టాలంతా ఇప్పటికీ చెప్పుకుంటారు. శుద్ధ అబద్ధం. సిరిసిల్లలో డిగ్రీ ముగించి, కోరుట్లలో మా మేనమామ ప్రింటింగ్ షాపులో కంప్యూటర్ ముందు కూర్చున్న కొత్తలో జరిగిన సంగతి అది. (పని నేర్చుకుంటే జగిత్యాలలో పెట్టబోయే షాపు నాకే అప్పగిస్తానని మామ మాటిచ్చాడు. నా ప్రాణమంతా దానిమీదే.)

ఒకనాడు ఒక పెద్దమనిషి, తండ్రి దశదిన కర్మ కార్డు కోసం వచ్చాడు. చెల్లె పెళ్లికి మా దగ్గరే కొట్టించిన కార్డు నా ముందు పడేసి, "గిదే నమూనా. దేవుని బొమ్మ తీసి మా నాయిన ఫోటో పెట్టు" అన్నాడు. అన్నీ మార్చాను. అడుగున ఉన్న 'విత్ బెస్ట్ కాంప్లిమెంట్స్ ఫ్రమ్' తీసేసి 'దుఃఖతప్త కుటుంబ సభ్యులు' అని పెట్టాను. చూడగానే గయ్యిమన్నాడు. "గా ఇంగ్లీషేది? దాని కిందనే గదా అల్లుండ్ల పేర్లుండేది!" "పేర్లున్నయి గదా కాకా. గది శుభకార్యంల రాసే మాట, చావుకు రాయద్దు." "నాకు సదువు చెప్తున్నవా పిల్లా? పెండ్లికి రాసి గిప్పుడు రాయకుంటే, మమ్ముల తక్కువ జేసిండ్రని అల్లుండ్లు మస్కట్ నుంచి ఫోన్లు చేస్తరు. నువ్వు మాట్లాడుతవా?"

మామ ఉరికొచ్చాడు. "గిరాకీ ఏమంటే గది కొట్టు. నీ డిగ్రీ ఇంట్ల పెట్టుకో!" "నేను కొట్ట" అని లేచాను. మామే నా కుర్చీలో కూలబడి, ఆ ఇంగ్లీషు మాట రెండు వేళ్లతో టకటకా మళ్లీ కొట్టి అచ్చేశాడు.

దినాల భోజనాల దగ్గర ఎవరో టీచరు ఆ కార్డు చదివి పొలమారేలా నవ్వాడట. సాయంత్రానికి పెద్దమనిషి షాపు ముందు నిలబడ్డాడు. మామ రెప్ప కూడా వేయకుండా నావైపు వేలు చూపించాడు. "మా పిల్ల కొత్తది అన్నా. కాలేజీ సదువు గదా, ఇంగ్లీషు ఎక్కువైంది." అంతకంటే దారుణం, పెద్దమనిషి తలూపి "నేను అప్పుడే అనుకున్న" అన్నాడు!

జగిత్యాల షాపు మామ బామ్మర్దికి పోయింది.

మొన్న కొండగట్టులో ఒక పెళ్లిలో మామ మళ్లీ అదే కథ ఎత్తుకున్నాడు. "మామా, గారోజు కుర్చీల కూసున్నదెవలు?" అని అందరి ముందూ నిలదీశాను. "గవన్నీ గిప్పుడెందుకే బిడ్డా, పాయసం సల్లారుతది" అన్నాడు. నవ్వొచ్చింది. పాయసం తిన్నాను. కోపం మాత్రం తగ్గలేదు. ఆ సాయంత్రమే పని మానేసి, చున్నీ నడుముకు బిగించి షాపు మెట్లు దిగిపోయిన ఆ పిల్ల తరఫున ఒక్కటే అడుగుతున్నాను: ఆ పెద్దమనిషి 'అప్పుడే అనుకున్న' అన్నాడు కదా, ఏమనుకున్నాడు?